జలగ శుక్రకణాలకు స్పర్ రెసిన్ కిట్: ఎక్కడ బాగుంది, ఎక్కడ తడబడింది

జలగ శుక్రకణం ఎలా ఎదుగుతుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలంటే సగం పని రెసిన్ దగ్గరే, అంటే కణజాలంలో నింపి గట్టిపరచి పలుచని పొరలుగా కోసే ప్లాస్టిక్ ద్రవం దగ్గరే, తేలిపోతుంది. ఈఆర్‌ఎల్ 4221 అనే ఎపాక్సీతో దొరికే స్పర్ రెసిన్ కిట్ ఈ పనికి ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. ముదిరిన శుక్రకణాల కట్టలకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. తొలి దశ కణాలకు మాత్రం ఎపాన్ 812 తరహా రెసిన్‌నే వాడమంటాం.

స్పర్ అనే శాస్త్రవేత్త 1969లో ప్రకటించిన మూల సూత్రంలో విసిడి (వినైల్ సైక్లోహెక్సీన్ డయాక్సైడ్) అనే పలుచని ఎపాక్సీ ఉండేది. మిశ్రమం చిక్కదనం 60 సెంటీపాయిజ్ దరిదాపుల్లోనే ఉండేది కాబట్టి ఎంత దట్టమైన కణజాలంలోకైనా దిగేది. విసిడి విషపూరితం కావడంతో ఇప్పటి కిట్లలో దాని స్థానంలోకి ఈఆర్‌ఎల్ 4221 వచ్చింది. ఇది పాతదంత పలుచన కాదు. పాత పద్ధతి పట్టికలోని సమయాలనే పాటిస్తే రెసిన్ లోపలిదాకా చేరదు. ప్రతి దశకూ ఎక్కువ సమయం ఇవ్వండి.

కొలతలు బరువులోనే తీసుకోవాలి: ఈఆర్‌ఎల్ 4221 4.10 గ్రాములు, బ్లాక్‌ను మెత్తబరిచే డిఇఆర్ 736 1.43 గ్రాములు, గట్టిపరిచే ఎన్‌ఎస్‌ఎ 5.90 గ్రాములు. ఈ మూడూ బాగా కలిశాకే చర్యను వేగపరిచే డిఎంఎఇ 0.10 గ్రాములు వేయాలి. బ్లాక్ (గట్టిపడిన రెసిన్ ముక్క) మరీ గట్టిపడితే డిఇఆర్ కొద్దిగా పెంచాలి, మెత్తబడితే తగ్గించాలి. డిఎంఎఇతో ప్రయోగాలు వద్దు. అది పెరిగితే రెసిన్ నింపే దశలోనే చిక్కబడిపోతుంది.

ఇక జలగ సంగతి. వృషణ కోశంలో కణాలు గోడకు అంటుకుని ఉండవు, లోపలి ద్రవంలో గుంపులుగా తేలుతుంటాయి. ప్రతి గుంపు మధ్యలో సైటోఫోర్ అనే కేంద్రకం లేని జీవపదార్థపు ముద్ద, దాని చుట్టూ సన్నని వంతెనలతో అతుక్కుని ఒకే దశలో ఉన్న కణాలు. కాబట్టి కోశాన్ని కోస్తే గుంపులు ఫిక్సేటివ్‌లోకి (కణాలను చెడకుండా నిలిపే ద్రావణంలోకి) చెదిరిపోతాయి. కోయకపోతే రెసిన్ గోడను దాటడానికి ఆలస్యమవుతుంది. మధ్యే మార్గం ఒకటుంది: కోశాన్ని ముందు 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో గంటసేపు అలాగే ఉంచి, తర్వాత సూదితో గుచ్చాలి. బయటికొచ్చిన గుంపులను నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి 2 శాతం అగరోజ్ జెల్‌లో బిగిస్తే తర్వాత ద్రావణాలు మార్చేటప్పుడు ఒక్కటీ పోదు.

బఫర్‌గా 0.1 మోలార్ కాకొడిలేట్, పిహెచ్ 7.4 చాలు. మంచినీటి జలగ రక్తంలో కరిగిన పదార్థాల గాఢత సుమారు 200 మిల్లీఆస్మోల్ మాత్రమే. క్షీరదాల పద్ధతి చూసి చక్కెర ఎక్కువగా కలిపితే వంతెనలు ముడుచుకుపోతాయి, సైటోఫోర్ చుట్టూ ఖాళీలు ఏర్పడతాయి. దాన్ని చూసి రెసిన్‌ను తప్పుపట్టేవాళ్లున్నారు, తప్పు మాత్రం బఫర్‌ది.

1 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్‌లో గంట ఉంచి, నీటిని తీసేయడానికి ఆల్కహాల్ శాతం పెంచుతూ పోవాలి. ఈ కిట్‌కు పెద్ద సౌకర్యం ఇక్కడుంది: ఇథనాల్‌తో నేరుగా కలుస్తుంది, ప్రొపిలీన్ ఆక్సైడ్ అవసరం పడదు. ఇథనాల్ మూడు పాళ్లకు రెసిన్ ఒక పాలు, తర్వాత సమపాళ్లు, తర్వాత ఒకటికి మూడు, ఆఖరికి రాత్రంతా శుద్ధ రెసిన్, మర్నాడు మరోసారి తాజా రెసిన్. ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర కనీసం 8 గంటలు, వీలైతే రాత్రంతా.

స్పర్‌కు తేమ బద్ధశత్రువు. ఆఖరి ఇథనాల్ నిజంగా నీరులేనిది కాకపోయినా, ఫ్రీజర్‌లోంచి తీసిన రెసిన్‌ను గది వేడికి రాకముందే తెరిచినా బ్లాక్ పెళుసుగా తయారవుతుంది. ట్రిమ్ చేసేటప్పుడే పెచ్చులూడుతుంది. ఎపాన్ కొంత ఓర్చుకుంటుంది గానీ ఇది ఓర్చుకోదు.

ఫలితం చూస్తే ఆ శ్రమకు తగినదే. ముదిరిన జలగ శుక్రకణం దారంలా సన్నగా ఉంటుంది: ముందు అక్రోసోమ్ అనే మొన, ఆ వెనుక మెలితిరిగిన దట్టమైన కేంద్రకం, తర్వాత ఒకే ఒక్క మైటోకాండ్రియా, చివర 9+2 అమరికతో (చుట్టూ తొమ్మిది జంట నాళికలు, మధ్యలో రెండు) తోక. ఆ కేంద్రకాల్లో క్రోమాటిన్ (డిఎన్ఎ, ప్రొటీన్ల ముద్ద) ఎంత బిగుసుకుని ఉంటుందంటే, రెసిన్ సరిగా దిగకపోతే సెక్షన్‌లో (పలుచగా కోసిన పొరలో) వాటిచోట రంధ్రాలే మిగులుతాయి. ఈ కిట్‌తో ఆ రంధ్రాలు బాగా తగ్గాయి. ఎపిడిడిమిస్ (ముదిరిన శుక్రకణాలు నిల్వ ఉండే నాళం) నుంచి తీసిన కట్టలను చదునైన అచ్చులో దాని పొడవు వెంబడి, కోసే కొన వైపుకు పేరిస్తే 70 నానోమీటర్ల సెక్షన్‌లో తోకల అడ్డుకోతలు వరసగా దొరుకుతాయి, జంట నాళికలు లెక్కపెట్టేంత స్పష్టంగా.

అసలు లోపం కాంట్రాస్ట్. స్పర్ సెక్షన్లు రంగును ఆలస్యంగా పట్టుకుంటాయి. స్పెర్మాటిడ్ (ఇంకా ముదరని శుక్రకణం) సాగే దశలో కేంద్రకం చుట్టూ ఏర్పడే మాంచెట్ సూక్ష్మనాళికలు, సైటోఫోర్‌లోని పొరలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. జల ద్రావణానికి బదులు 50 శాతం ఇథనాల్‌లో 2 శాతం యురనిల్ అసిటేట్ 20 నిమిషాలు, ఆపై రెనాల్డ్స్ లెడ్ సిట్రేట్ 6, 7 నిమిషాలు వాడితే మెరుగవుతుంది. లెడ్ చుక్కల పక్కన సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు పెట్టడం మరవొద్దు. లేదంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల సెక్షన్ నిండా నల్లని మచ్చలే. ఇంత చేసినా ఈ దశల్లో ఎపాన్ ఇచ్చే పొరల స్పష్టత రాదు.

కిట్‌లోని ద్రవాలేవీ చర్మానికి తగలకూడదు. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, నైట్రిల్ గ్లవ్స్ రెండు పొరలు వేసుకుని, రెసిన్ పడగానే మార్చాలి. మిగిలినది సింక్‌లో పోయకుండా ఓవెన్‌లో గట్టిపరిచాకే పారేయాలి.

అన్ని దశలూ ఒకే బ్లాక్‌లో కావాలనుకునేవాళ్లు ఈ కిట్ కొనకండి. కోశంలోని గుంపులను ఎపాన్‌లోనూ, ఎపిడిడిమిస్‌ను ఇందులోనూ వేరువేరుగా పెట్టుకోగలిగితే మాత్రం తప్పకుండా తీసుకోండి.