మాల్మోలో టవర్ కన్నా సందులే నచ్చాయి

కోపెన్‌హాగన్‌లో మా తమ్ముడి ఇంట్లో దిగి, ఒకరోజు సముద్రం మీది వంతెన మీదుగా రైల్లో స్వీడన్‌లోని మాల్మో వెళ్లాం. ముప్పావుగంట కూడా పట్టలేదు. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర పెట్టుకోండి, మమ్మల్ని దారిలో అడిగారు.

మాల్మోలో పడమటి రేవు అనే పేటకి అందరూ వెళ్లేది టర్నింగ్ టోర్సో కోసం. కలత్రావా అనే ఆర్కిటెక్ట్ గీసిన 190 మీటర్ల టవర్, 54 అంతస్తులు. కింది నుంచి పైకి వెళ్లేసరికి 90 డిగ్రీలు మెలి తిరిగిపోతుంది. “తడి దుప్పటి పిండుతున్నట్టుంది” అంది మా ఆవిడ. లోపల కాపురాలున్నాయి, ఊరికే పైకి పోనివ్వరు. పది నిమిషాల్లో ఫొటోలు అయిపోయాయి.

అక్కడి నుంచి సముద్రం వైపు నడవండి. ఇదంతా ఒకప్పుడు కోకుమ్స్ షిప్‌యార్డ్ నేల. ఓడల పని ఆగిపోయాక 138 మీటర్ల క్రేన్‌ని హ్యుందాయ్ వాళ్లు ఒక్క డాలరుకి కొని, 2002లో కొరియాకి పట్టుకుపోయారు. విశాఖలో షిప్‌యార్డ్ క్రేన్లు చూస్తూ పెరిగినవాణ్ణి, అది వినగానే అదోలా అనిపించింది.

2001లో ఇక్కడ బో01 అనే గృహ ప్రదర్శన పెట్టారు. అప్పటి ఇళ్లే ఇవి. ఒడ్డు పొడవునా ఎత్తైన ఇళ్లు గోడలా నిలబెట్టి, వాటి వెనక చిన్న ఇళ్లు, వంకర సందులు వేశారు. ఎందుకో ఒడ్డున నిలబడితే తెలిసింది: గాలికి నా గొడుగు తిరగబడింది. సందులోకి పది అడుగులు వేశానో లేదో, గాలి లేదు! గోడవారగా రాతి కాలువలో వాన నీళ్లు పారుతున్నాయి, పైన మూతల్లేవు. ఒక గుమ్మం ముందు ఎవరిదో పిల్ల చెప్పు కాలువలో అడ్డంపడి ఉంది. చెత్త కూడా గొట్టంలో వేస్తే భూమి కిందుగా గాలే లాక్కుపోతుంది. ఇళ్ల ధరలు మాత్రం ఆ షిప్‌యార్డ్ కూలీలు కొనగలిగేవి కావు.

ఆ రాత్రి బసకి మాల్మో స్టేషన్ దగ్గరి ఒక హాస్టల్ తీసుకున్నాం. గది శుభ్రమే. కానీ దుప్పట్లకి, తువ్వాళ్లకి వేరే డబ్బులు. బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉందట, నేను చూడలేదు. తిండి ఖరీదు, మేం పులిహోరతో గట్టెక్కాం. ఒడ్డున చెక్క మెట్ల మీద కూర్చుని తినడానికి ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటి, నగదు మార్చుకోవద్దు. బస్సులో వద్దన్నారు, కాఫీ కొట్లో వద్దన్నారు, అన్నిచోట్లా కార్డే. నేను మార్చిన 500 క్రోనాల నోటు ఇప్పటికీ పర్సులోనే ఉంది.