ఏడేళ్ల బొగ్గుల గ్రిల్, ఇద్దరు పిల్లలు

ఈ గ్రిల్ కొన్నప్పుడు మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నోడికి ఐదు. ఇప్పుడు 15, 12. ఏడేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం దీని మీద ఏదో ఒకటి కాలుస్తూనే ఉన్నాం. పిల్లలకు మా ఇంటి వంట నేర్పడానికి ఇది ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

57 సెంటీమీటర్ల గుండ్రటి గ్రిల్. పైన మూత, కిందా పైనా గాలి రంధ్రాలు. ఈ తరహా గ్రిల్‌ను 1952లో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన నీళ్లలో తేలే లోహపు బోయాను కోసి తయారుచేశాడు. గాలికి మంట చెదరకుండా ఉండాలని ఆయన మూత పెట్టాడు. నేను మూత ఉన్నది కొన్న కారణం వేరు.

మా నాన్నది చేయి తిరిగిన వంట. నిప్పుల మీద అరచేయి చాచి, "ఇంకా కాలేదు" అనేవారు. ఎలా తెలిసిందంటే, "చూస్తూ ఉండు, నీకే తెలుస్తుంది" అనేవారు. నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. పిల్లలకు కారణం చెప్పి నేర్పాలనుకున్నాను. ఈ గ్రిల్‌లో కారణం కంటికి కనిపిస్తుంది. కింది రంధ్రం తెరిస్తే నిప్పు రేగుతుంది, సగం మూస్తే నెమ్మదిస్తుంది, రెండూ మూసి మూత పెడితే ఆరిపోతుంది.

మొదటి నెల వాళ్లతో వంట చేయించలేదు, నిప్పు చూపించాను. చిమ్నీ స్టార్టర్‌లో (బొగ్గులు రాజేసే పిడి ఉన్న ఇనుప గొట్టం) కింద కాగితం, పైన బొగ్గులు వేసి నేను అంటిస్తే, పై బొగ్గుల మీద తెల్లటి బూడిద పట్టడానికి 15-20 నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా ఏదీ పెట్టకూడదు. చిన్నోడికి ఆ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టమైంది. గ్రిల్ చుట్టూ మీటరు దూరంలో సుద్దముక్కతో గీత గీశాను. పిలిస్తే తప్ప ఆ గీత దాటకూడదు. మంట అంటించే ద్రవాలు ఇంట్లోకే రానివ్వలేదు. రాజుకున్న బొగ్గుల మీద అవి పోస్తే మంట చేతి దాకా ఎగబాకుతుంది.

పెద్దమ్మాయికి పదకొండేళ్లప్పుడు పటకారు చేతికిచ్చాను. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. చికెన్ ముక్కలన్నీ నిప్పుల మీదే పరిచేసింది. పది నిమిషాల్లో పైన నల్లగా మాడాయి. కోస్తే లోపల ఎముక దగ్గర పచ్చిగా ఉంది. అందరి ముందూ ఏడ్చేసింది. అక్కడే నిలబెట్టి, బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, ముక్కల్ని నిప్పు లేని పక్కకు మార్చి, మూత పెట్టించాను. పుల్ల థర్మామీటర్ గుచ్చితే 58 డిగ్రీలు. చికెన్‌కు 74 రావాలి. మూత తీయకుండా ఆగాం. తీసిన ప్రతిసారీ వేడి పోయి, ఇంకా ఆలస్యమవుతుంది. 74 చూశాక తన ముఖం నేను మర్చిపోలేను. మాడిన తోలు తీసి తిన్నాం. ఆ తర్వాత నిప్పు ఒక పక్క, ఖాళీ ఒక పక్క పెట్టుకోవాలని నేనెప్పుడూ గుర్తు చేయాల్సి రాలేదు.

ఆ థర్మామీటర్ విడిగా కొన్నది. గ్రిల్ మూతకున్న మీటరును మాత్రం నమ్మకండి. అది పైనున్న గాలి వేడి చెబుతుంది, ముక్క వేడి కాదు. పుల్ల థర్మామీటర్‌ను అప్పుడప్పుడూ ఐస్ నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చిన్నోడు చూస్తాడు. నాన్న అరచేతి లెక్కను కూడా వాళ్లతో కొలిపించాను. జాలికి నాలుగైదు అంగుళాల పైన చేయి రెండు మూడు సెకన్లే ఆగితే గట్టి వేడి, ఐదారు సెకన్లు ఆగితే మధ్యస్థం. తాతయ్య మాటకు అంకె దొరికిందని పెద్దమ్మాయి దాన్ని మా వంట నోట్‌బుక్‌లో రాసుకుంది. నాన్న ఊరబెట్టే మసాలా కూడా అందులోనే ఉంది. ఆయన "చిటికెడు" అన్నప్పుడల్లా గిన్నెను తూకం మీద పెట్టి గ్రాములు రాశాం.

ఇక లోపాలు. బూడిద పళ్లెం నాలుగో ఏడాదికే తుప్పు పట్టింది. ఒక చక్రం ఊడింది. జిడ్డు పేరుకుని కింది రంధ్రం మీట బిగుసుకుపోతుంది, నెలకోసారి గీకాలి. మూత పిడి బాగా వేడెక్కుతుంది. పిల్లల చేతికి సరిపడే మందపాటి గ్లౌజులు విడిగా కొనాల్సిందే. కడ్డీల జాలి ఒకసారి మార్చాను. ఇంకో సంగతి: తీగల బ్రష్‌తో రుద్దాక ఒక తీగ ముక్క జాలికి అతుక్కుని ఉండటం చిన్నోడు చూశాడు. అది తిండిలోకి పోయుంటే? ఆ రోజే బ్రష్ పారేశాం. ఇప్పుడు వేడిగా ఉండగానే పటకారుతో తడి గుడ్డ పట్టి తుడుస్తున్నాం.

గ్యాస్ గ్రిల్ కొంటే చాలదా అని అడుగుతుంటారు. రోజూ త్వరగా వండుకోవడానికి అదే మేలు. పిల్లలకు నేర్పడానికైతే నేను బొగ్గుకే ఓటేస్తాను. ఆరుబయట చోటుంటేనే సుమా. ఇంట్లోనో గ్యారేజీలోనో వాడితే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. బూడిదను కూడా రెండు రోజులు మూతున్న ఇనుప డబ్బాలో ఉంచాకే పారేయండి.

కొనేటప్పుడు గాలి రంధ్రాల మీట తేలిగ్గా కదులుతోందా, కాళ్లు ఊగుతున్నాయా అన్నవి చూసుకోండి. మా దానికి కాళ్ల బోల్టులు వదులయ్యాయి. వచ్చే ఆదివారం బిగించాలని చిన్నోడు స్పానర్ ఇప్పటికే తీసి పెట్టాడు.