మావయ్య తెచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ

మావయ్య కువైట్ నుంచి వస్తూ తెచ్చిన వాచీ ఇది. 1989లో వచ్చిన మోడల్. మందం 8.5 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములే. చొక్కా కఫ్ కింద ఉందో లేదో కూడా తెలీదు.

నెలకు 30 సెకన్లు అటూ ఇటూ కావచ్చని కంపెనీయే చెబుతుంది. నాది ఓ పది సెకన్లు ముందుకెళ్తుంది, ఒకటో తారీఖున ఫోన్ చూసి సరిచేసుకుంటా. లీపు సంవత్సరం సంగతి మాత్రం దీనికి తెలీదు. ఫిబ్రవరి 28 దాటగానే మార్చి 1 అనేస్తుంది, పాపం!

సీఆర్2016 బ్యాటరీ ఒకటేస్తే దాదాపు ఏడేళ్లు. అసలు జాగ్రత్త దాన్ని మార్చేటప్పుడే. వెనక నాలుగు బుల్లి స్క్రూలు. మూత తీస్తే వెంట్రుకంత సన్నని స్ప్రింగ్ ఒకటి నిలబడి ఉంటుంది. అది మూతకు తగిలితేనే బీప్ మోగుతుంది. ఓసారి ఒక రిపేరు కొట్లో ఇస్తే ఆ స్ప్రింగ్ కాస్తా ఎగిరిపోయింది. టైమ్ బాగానే చూపిస్తోంది కదా అని నేనూ పట్టించుకోలేదు. అలారం మోగక తెల్లారి ఐదింటి బస్సు పోయాక గానీ అర్థం కాలేదు.

పాడైన ఇంకో వాచీలోంచి స్ప్రింగ్ తీసి వేశా. అప్పట్నుంచీ పనంతా నేనే, స్టీలు పళ్లెంలో పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి. నీళ్లు లోపలికి పోకుండా మూత కింద ఉండే రబ్బరు రింగుకి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తా. చేతులు కడుక్కోవడానికి ఫర్వాలేదు, కాలవలో ఈతకి మాత్రం గట్టునే పెట్టి దిగుతా.