కరెంట్ కుర్చీ థెరపీ సెంటర్: 2 స్టార్లు, ఆ రెండూ కుర్చీకే

మా వీధి చివర ఫ్రీ డెమో అని బోర్డు పెట్టారు, హై వోల్టేజ్ ఎలక్ట్రిక్ ఫీల్డ్ థెరపీ అంట. అత్తయ్య మోకాళ్ల కోసం 12 రోజులు తోడు వెళ్లా, రోజుకి 20 నిమిషాలు. కుర్చీ బాగుంది అబద్ధం చెప్పను, కూర్చుంటే చేతి మీద వెంట్రుకలు మెల్లగా లేస్తాయి, షాక్ కొట్టదు, ఏసీ కూడా ఉంది. ఒకరోజు మధ్యలో కరెంట్ పోయినా పక్కావిడ "హాయిగా ఉందమ్మా" అంటూనే ఉంది లెండి. జపాన్‌లో ఇలాంటి మెషీన్లకి తలనొప్పి, భుజాలు పట్టేయడం, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం వరకు చెప్పుకోడానికి పర్మిషన్ ఉంది, వీళ్లూ అక్కడితో ఆగుంటే ఈ రివ్యూ రాసేవాణ్ణే కాదు.

చివరి రోజు ఒకాయన కొడుకుని ఎత్తుకొచ్చాడు, పుట్టుకతో కండరాల జబ్బు. సేల్స్ కుర్రాడు ఫోన్‌లో ఈగల వీడియో పెట్టి "సార్, జెనెటిక్ జబ్బున్న ఈగలే లేచి తిరుగుతున్నాయి, బాబు ఎంత" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే మూడేళ్లు ల్యాబ్‌లో నేను పెంచింది ఆ డ్రోసోఫిలానే, అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు. వాటిలో ఒక రకానికి సోడియం ఛానెల్ జీన్‌లో, అంటే నరాల్లో సిగ్నల్ నడిపించే జీన్‌లో, తేడా ఉంటుంది, సీసాని టేబుల్ మీద టక్‌మని కొడితే ఫిట్స్ వచ్చి పడిపోతాయి, కాసేపటికి వాటంతట అవే లేస్తాయి, లేచాక కొంతసేపు ఎంత కొట్టినా మళ్లీ పడవు. ఆ గ్యాప్‌లో పక్కన మిక్సీ పెట్టి వీడియో తీసినా మిక్సీ వల్లే నయమైందనిపిస్తుంది! జీన్ మాత్రం అలాగే ఉంటుంది, వాటి పిల్లలకీ అదే పోతుంది.

అందుకే మెషీన్ ఆపేసి ఉంచిన సీసా పక్కన ఉందా, లేచిన ఈగల్ని లెక్కపెట్టినోడికి ఏ సీసా ఏదో తెలియకుండా చేశారా అని అడిగా. "సార్, టెక్నికల్ మాకు తెలీదు" అన్నాడు. పైగా 50 హెర్ట్జ్ ఫీల్డ్, అంటే మన ఇంటి కరెంట్ లాంటిది, బయట ఎంతున్నా ఒంటి లోపలికి చేరేది అందులో లక్షో వంతు కూడా ఉండదు. ఇక స్టాటిక్ ఫీల్డ్, అంటే మారకుండా ఒకేలా ఉండేది, అయితే ఈగ రెక్కలు లేచి అక్కణ్ణుంచి తప్పుకుంటుంది, దాన్ని కూడా హుషారు అంటారేమో వీళ్లు.

ఇంకోటి, పేస్‌మేకర్ ఉందా అని ఒక్కళ్లని కూడా అడగట్లేదు, అది ఉన్నవాళ్లు అసలు కూర్చోకూడదు, మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. మెషీన్ 1,80,000 అన్నారు, ఆ బాబు నాన్న ఈఎంఐ అడుగుతుంటే బయటికి పిలిచి ఇదంతా చెప్పా, విన్నాడు, కొన్నాడో లేదో మరి.

అత్తయ్య ఇంకా వెళ్తోంది, అక్కడ నలుగురు ఫ్రెండ్స్ అయ్యారంట.