జనవరి 4, టోక్యో డోమ్: తేదీ మారని రెజ్లింగ్ పండగకి వెళ్లాలంటే

న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ 1992 నుంచి ఏటా జనవరి 4న టోక్యో డోమ్‌లో పెద్ద షో పెడుతోంది. ఆ రోజు ఏ వారం పడినా తేదీ మారదు. 2021లో కోవిడ్ రోజుల్లో కూడా ప్రేక్షకుల్ని తగ్గించి, అరవొద్దు, చప్పట్లు మాత్రమే కొట్టండని చెప్పి అదే రోజు జరిపారు. 2007 నుంచి దాని పేరు రెజిల్ కింగ్‌డమ్. మనకి టీవీలో అలవాటైన రెసిల్‌మేనియా ఏటా ఊరు మారుతుంది, ఎక్కడో ఎప్పుడో ప్రకటించేదాకా ఆగాలి. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. ఏడాది ముందే సెలవు పెట్టుకోవచ్చు, విమానం టికెట్ కొనుక్కోవచ్చు. మన సంక్రాంతి సినిమాల్లాగే ముందు తేదీ ఖాయం, ఆ తేదీకి ఎవరు వస్తారన్నది తర్వాత తేలుతుంది.

ప్రయాణికుడికి కలిగే సౌకర్యం ఒకటే కాదు, ఆ తేదీ ఆటకే బరువు తెస్తుంది. దీనికి రెజ్లర్ నైటో తెత్సుయా కథని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2013 ఆగస్టులో జీ1 క్లైమాక్స్ టోర్నీ గెలిచి, 2014 జనవరి 4న అప్పటి ఛాంపియన్ ఒకాడా కజుచికాతో ప్రధాన టైటిల్ పోటీ సంపాదించాడు. రాత్రి చివరి మ్యాచ్ ఏది ఉండాలో అభిమానుల ఓటుకి పెడితే వాళ్లు నకమురా, తనహాషిల మ్యాచ్‌ని ఎంచుకున్నారు. ప్రపంచ టైటిల్ పోటీ అయ్యుండి కూడా నైటో మ్యాచ్ ఒక మెట్టు కిందకి జరిగింది. 2018లో మళ్లీ డోమ్‌లో చివరి మ్యాచ్ దాకా వచ్చి ఒకాడా చేతిలో ఓడాడు. రెండు రోజులు జరిగిన 2020 షోలో జనవరి 5న గెలిచాడు గానీ, మైకు పట్టుకుని తన జట్టు సభ్యుల పేర్లు జనంతో కలిసి పిలవబోతుండగా కెంటా అనే రెజ్లర్ వచ్చి కొట్టి పడేశాడు. చివరికి 2024 జనవరి 4న సనాడాని ఓడించాక ఆ పేర్ల పిలుపు పూర్తయింది. 2014లో అవమానం జరిగిన రోజుకి సరిగ్గా పదేళ్లు. తేదీ, వేదిక మారిపోతూ ఉంటే ఆ పదేళ్ల లెక్క ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇక డోమ్ సంగతి. 1988లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియం. పైకప్పు గాలి ఒత్తిడి మీద నిలబడుతుంది కాబట్టి బయటికి వచ్చే తలుపు దగ్గర గాలి వెనక నుంచి బలంగా తోస్తుంది, టోపీ జాగ్రత్త. పై అంతస్తు సీట్లలోంచి రింగు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, చూపంతా పెద్ద తెరల మీదే. డబ్బుంటే కింది వరసలు తీసుకోండి, లేకపోతే బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. షో గంటల కొద్దీ సాగుతుంది. అయిపోయాక సుయిదోబాషి స్టేషన్ కిక్కిరిసిపోతుంది, కానీ సిబ్బంది జనాన్ని నడిపించే తీరు ముచ్చటేస్తుంది.

నన్నడిగితే అసలు రుచి డోమ్ పక్కనే ఉన్న కొరాకుఎన్ హాల్‌లో ఉంది. 1962లో మొదలైంది. ఐదో అంతస్తులో రెండు వేల లోపు జనం పట్టే చిన్న హాలు. మెట్ల గోడల నిండా అభిమానుల రాతలే. ఏ మూల కూర్చున్నా ఛాతీ మీద పడే దెబ్బ చప్పుడు వినిపిస్తుంది. దక్షిణం వైపు సీట్లు దొరికితే వదలకండి. జనవరి 2, 3 తేదీల్లో ఇక్కడ ఆల్ జపాన్ అనే మరో రెజ్లింగ్ కంపెనీ షోలు పెట్టడం పాత ఆనవాయితీ. 4న డోమ్ షోకి ముందు, పగటిపూట టోక్యో జోషి అనే అమ్మాయిల రెజ్లింగ్ కంపెనీ షో ఉంటుంది. 5న న్యూ జపాన్ వాళ్ల మరుసటి రోజు షో చాలా ఏళ్లు ఇక్కడే జరిగింది, ఈ మధ్య వేరే హాలుకి కూడా వెళ్తోంది కాబట్టి చూసుకుని కొనండి.

సుయిదోబాషి పక్కనే దిగాలని ఆశపడి నేను తీసుకున్న గదిలో సూట్‌కేసు విప్పే చోటు లేదు, కొత్త సంవత్సరం రేటు మాత్రం వాచిపోయింది. పసుపు రంగు సోబు లోకల్ ఎక్కితే నాలుగో స్టేషన్ ర్యోగోకు. ఆ చుట్టుపక్కల దిగితే డబ్బు కలిసొస్తుంది, ప్రశాంతంగా కూడా ఉంటుంది.

ర్యోగోకులోనే కొకుగికాన్ ఉంది, సుమో వేదిక. 1991లో మొదటి జీ1 క్లైమాక్స్ ఫైనల్ ఇక్కడే జరిగింది, చోనో మసహిరో గెలవగానే కూర్చునే దిండ్లు రింగులోకి ఎగిరాయి. కింద చెప్పులు విడిచి కూర్చునే చిన్న చదరపు పెట్టెల సీట్లు ఉంటాయి. మోకాళ్లు పట్టేస్తాయి గనక పెద్దవాళ్లకి పైన కుర్చీలే నయం. జీ1 ఇప్పటికీ వేసవి టోర్నీయే అయినా ఫైనల్ వేదిక మారుతూ ఉంటుంది. నాకు అది నచ్చదు. జనవరి 4కి ఉన్న పట్టు ఆగస్టుకి పూర్తిగా రాకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. పైగా ఆగస్టు మధ్యలో ఓబోన్ సెలవులు, విపరీతమైన ఉక్కపోత.

తిండి విషయంలో, జనవరి 3 దాకా చిన్న హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి. కన్వీనియన్స్ స్టోర్లు తెరిచే ఉంటాయి. శాకాహారులు ర్యోగోకు చాంకో కుండ కూర జోలికి వెళ్లకపోవడమే మంచిది, రసంలో చేపో కోడో ఉంటుంది. పప్పూ అన్నం మీద మనసు పడితే సుయిదోబాషి పక్క స్టేషన్ ఈదబాషిలో తోజాయ్ లైన్ ఎక్కండి, నేరుగా నిషి కసాయ్‌లో దిగొచ్చు. మన తెలుగువాళ్లతో సహా భారతీయులు ఎక్కువగా ఉండే పేట అది.

జనవరి చలి పడనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఫుకుఓకాలో మే 3, 4 తేదీల్లో హకాతా దోంతాకు ఉత్సవం జరుగుతుంది. దాని పేరుతోనే న్యూ జపాన్ 1993లో రెజ్లింగ్ దోంతాకు మొదలుపెట్టింది. పగలు ఊరేగింపు, సాయంత్రం రెజ్లింగ్. కాకపోతే అది గోల్డెన్ వీక్ అనే వరస సెలవుల సమయం, బుల్లెట్ రైలు సీట్లు ముందే రిజర్వ్ చేసుకోవాలి.