ట్రేడ్‌మార్క్ ప్యాకేజీలతో జాగ్రత్త: అప్లికేషన్ నంబరు చూపించి ‘రిజిస్ట్రేషన్ అయిపోయింది’ అంటున్నారు

ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు, చీరలు, నగలు ఏవైనా ఆన్‌లైన్‌లో అమ్ముకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. ‘పది రోజుల్లో మీ బ్రాండ్ రిజిస్ట్రేషన్, లోగో, బ్లూ టిక్, మిమ్మల్ని కాపీ కొట్టే పేజీల తొలగింపు, అన్నీ కలిపి 14,999 మాత్రమే’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు వస్తున్నాయి కదా, అలాంటి ప్యాకేజీ ఒకటి మేం కొన్నాం. పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత పెద్ద పోస్టు రాసేదాన్ని కాదు. మా ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ (బ్రాండ్ పేరు, లోగో మీద హక్కు కోసం ప్రభుత్వానికి పెట్టేది) మాకు తెలియకుండానే రద్దయింది. పైగా మా పేరు చెప్పి వాళ్లు పెట్టిన ఫిర్యాదుల వల్ల, మాతో ఏ గొడవా లేని ఇద్దరు అమ్మకందారుల పేజీలు ఆగిపోయాయి. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

మా అత్తయ్య 2017 నుంచి రాజమండ్రిలో ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కాకరకాయ కారం పెట్టి అమ్ముతున్నారు. ఆర్డర్లు, కొరియర్, పేజీ నేను చూసుకుంటాను. మా బ్రాండ్ అంటే ఊరి పేరు, దాని పక్కన ‘ఇంటి రుచులు’. ఆ మధ్య ఎవరో మా సీసాల ఫొటోలు ఎత్తుకెళ్లి, మా పేరుతోనే ఇంకో పేజీ తెరిచి, అడ్వాన్సులు తీసుకుని సరుకు పంపకుండా జనాన్ని మోసం చేయడం మొదలుపెట్టారు. ఫోన్లన్నీ మాకే వచ్చాయి. ఆ టెన్షన్‌లో ఉండగా ఈ ప్యాకేజీ అమ్మే సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. ‘ట్రేడ్‌మార్క్ లేకపోతే ఆ పేజీని ఎవ్వరూ తీయలేరండీ, రేపు వాళ్లే మీ పేరు రిజిస్టర్ చేయించుకుంటే మీరు మూసుకోవాల్సిందే’ అన్నారు. ఆ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో కింద చెప్తాను.

డబ్బు కట్టిన కొద్ది రోజులకే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. పైన ప్రభుత్వ ముద్ర, మధ్యలో మా లోగో, ఒక పొడవాటి నంబరు. ‘కంగ్రాట్స్ మేడం, మీ బ్రాండ్ రిజిస్టర్ అయింది, ఇక లేబుళ్ల మీద సున్నాలో ఆర్ వేసుకోండి’ అని మెసేజ్. ఆ కాగితం అసలు ఏమిటంటే టీఎమ్-ఎ అనే అప్లికేషన్ ఫారం నింపి ఫీజు కట్టినందుకు వచ్చే రసీదు, అంతే. అప్లికేషన్ పెట్టిన ప్రతి ఒక్కరికీ వస్తుంది. దాని తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో, అంటే ఈ నమోదులు చేసే ప్రభుత్వ ఆఫీసులో, పరీక్షకుడు చూసి ఎగ్జామినేషన్ రిపోర్ట్ ఇస్తారు. అభ్యంతరం ఉంటే మనం సమాధానం ఇవ్వాలి. అది ఒప్పుకుంటే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు. అక్కడి నుంచి నాలుగు నెలల దాకా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అవన్నీ దాటాకే సర్టిఫికెట్, పదేళ్ల హక్కు. ఒక్క జర్నల్ గడువే నాలుగు నెలలు ఉన్నప్పుడు పది రోజుల్లో రిజిస్ట్రేషన్ ఎవరూ ఇవ్వలేరు. ఎవరైనా అలా చెప్తే అక్కడే ఫోన్ పెట్టేయండి.

ఆ గుర్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. అప్లికేషన్ పెట్టాక, అసలు పెట్టకపోయినా, టీఎమ్ అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే. రిజిస్టర్ కాని పేరును రిజిస్టర్ అయినట్టు చూపించడాన్ని 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 107వ సెక్షన్ తప్పు అంటుంది. అప్పుడు ఇబ్బంది పడేది లేబుల్ మీద పేరున్న మనం, సలహా ఇచ్చిన సంస్థ కాదు. ఆ గుర్తుతో అచ్చేయించిన లేబుళ్ల కట్టలన్నీ పక్కన పడేసి కొత్తవి వేయించాం.

ఇప్పుడు ఆ రసీదులో మీరు తప్పకుండా చూడాల్సిన చోట్లు చెప్తాను, మేం దెబ్బతిన్నది అక్కడే.

మొదటిది ఫీజు. మాకిచ్చిన బిల్లులో ‘ప్రభుత్వ ఫీజు 9,000’ అని ఉంది. రసీదులో కట్టింది 4,500. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో అప్లై చేసేవాళ్లకు ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో సరుకు రకానికి, ప్రభుత్వం తీసుకునేది 4,500 రూపాయలే. మామూలు కంపెనీలకు 9,000. సొంతంగా ఇంట్లో వ్యాపారం చేసుకునేవాళ్లకు ఆ తక్కువ ఫీజుకి వేరే సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు.

రెండోది క్లాసు. సరుకులు, సేవలు అన్నీ కలిపి 45 క్లాసులుగా విడదీశారు. పచ్చళ్లు 29లోకి వస్తాయి. కారప్పొడులు, మసాలాలు 30లోకి వస్తాయి. మాకు వేసింది 31, అంటే పచ్చి కూరగాయలు, పళ్లు, విత్తనాలు. మామిడికాయ అన్న మాట చూసి వేశారేమో మరి. ఆ క్లాసులో రిజిస్టర్ అయినా ఆవకాయ సీసాకు అది సరైన రక్షణ కాదు.

మూడోది ఎప్పటి నుంచి వాడుతున్నారు అనే గడి. ఇది చాలామందికి తెలియదు, ఎంత ముఖ్యమో చెప్పలేను. మన దేశంలో పేరును ముందు నుంచి వాడుతున్నవాళ్లకు చట్టంలో బలం ఉంది. ఎవరైనా మన కంటే వెనక వచ్చి రిజిస్టర్ చేయించుకున్నా, మన పాత వాడకాన్ని ఆపలేరని అదే చట్టం 34వ సెక్షన్ చెప్తుంది. ‘మీరు మూసుకోవాల్సిందే’ అన్న బెదిరింపు అందుకే అబద్ధం. 2017 నాటి కొరియర్ రసీదులు, మొదటి ఫేస్‌బుక్ పోస్టు, పాత బిల్లు పుస్తకం అన్నీ మా దగ్గర ఉన్నాయి, వాళ్లకు పంపాం కూడా. ఆ గడిలో మాత్రం ‘ఇక ముందు వాడబోతున్నాం’ అని రాసి వదిలేశారు. పాత తేదీ వేయాలంటే అఫిడవిట్, ఆధారాలు జత చేయాలి. ఆ కాస్త పని తప్పించుకోవడానికి మా అత్తయ్య ఏళ్ల కష్టాన్ని కాగితం మీద లేకుండా చేశారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఈమెయిల్ గడిలో ఉంది. అక్కడ మాది కాదు, వాళ్ల మెయిల్ ఇచ్చారు. రిజిస్ట్రీ ఎగ్జామినేషన్ రిపోర్ట్ పంపితే వాళ్లకు వెళ్లింది, మాకు చెప్పలేదు. అందులో అభ్యంతరం 9వ సెక్షన్ కింద: ఊరి పేరు, సరుకు ఎలాంటిదో చెప్పే మాటలు ఒక్కరి సొంతం కావు అని. నిజానికి దీనికి సమాధానం ఉంది. ఇన్నేళ్లుగా వాడటం వల్ల ఈ పేరు వింటే కొనేవాళ్లకు మేమే గుర్తొస్తామని ఆధారాలతో చూపించొచ్చు. సమాధానానికి రిపోర్ట్ అందాక నెల రోజులే గడువు. గడువు దాటి ఎన్నాళ్లకో ఫోన్ చేసి ‘ఆబ్జెక్షన్ వచ్చింది మేడం, రిప్లైకి ఇంకో 6,000 అవుతుంది’ అన్నారు. అప్పుడు రిజిస్ట్రీ వాళ్ల ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూస్తే స్టేటస్ ‘అబాండన్డ్’. అంటే మనమే వదిలేసుకున్నట్టు లెక్క. రద్దయిన అప్లికేషన్‌కి సమాధానం రాయడానికి డబ్బు అడుగుతున్నారన్నమాట.

ఇక పక్కవాళ్ల పేజీల సంగతి. ఒకరోజు తణుకు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తనూ పచ్చళ్లే అమ్ముతుంది. ‘అక్కా, మా పేజీ ఎందుకు తీయించారు? మేం మీకేం చేశాం? సంక్రాంతి ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయక్కా’ అని ఏడుస్తోంది. నాకేమీ అర్థం కాలేదు. తనకొచ్చిన నోటీసు స్క్రీన్‌షాట్ పంపమన్నాను. చూస్తే ఫిర్యాదుదారు దగ్గర మా బ్రాండ్ పేరు, మెయిల్ ఆ సంస్థది, కింద మా అప్లికేషన్ నంబరును రిజిస్ట్రేషన్ నంబరుగా రాశారు. తన పేజీ పేరులో ‘ఇంటి రుచులు’ అనే మాట ఉండటమే ఆమె చేసిన నేరం! ఆ మాట మాదీ కాదు, తనదీ కాదు. ఎవరి సరుకు గురించి వాళ్లు నిజాయితీగా చెప్పుకునే మాటలను ఆపే హక్కు, రిజిస్టర్ అయిన వాళ్లకు కూడా ఉండదు. 30వ సెక్షన్ ఆ సంగతే చెప్తుంది. ఆధారం లేకుండా ట్రేడ్‌మార్క్ పేరు చెప్పి బెదిరిస్తే, బెదిరింపులకు గురైనవాళ్లే కోర్టుకు వెళ్లడానికి 142వ సెక్షన్ దారి ఇచ్చింది. అంటే ఆ అమ్మాయి తలుచుకుంటే మా మీద కేసు వేయొచ్చు. ‘కాపీ పేజీల తొలగింపు’ లెక్క చూపించడానికి, కాస్త పేరు కలిసిన ప్రతి పేజీ మీదా వాళ్లు ఫిర్యాదు కొట్టారు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే అది పెట్టిన మెయిల్ నుంచే సులువు, ఆ మెయిల్ మాది కాదు. అందుకని ‘ఈ ఫిర్యాదు మా అనుమతి లేకుండా పెట్టారు, మాకు ఎలాంటి అభ్యంతరం లేదు’ అని అత్తయ్య సంతకంతో ఉత్తరం రాసి ఆ అమ్మాయికి, అలాగే పేజీ ఆగిపోయిన రెండో అమ్మకందారుకు పంపాం. అది జత చేసి వాళ్లు అప్పీల్ పెట్టుకున్నారు. పేజీలు తిరిగొచ్చాయి కానీ పండగ అమ్మకాలు పోయాయి. మీలో ఎవరి పేజీ మీదైనా ఇలాంటి నోటీసు వస్తే, ఫిర్యాదుదారు పేరును చూసి తిట్టుకునే ముందు ఆ మెయిల్ ఎవరిదో చూడండి. నేరుగా ఆ అమ్మకందారుకు ఫోన్ చేయండి. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి.

మరి మా ఫొటోలు ఎత్తుకెళ్లిన అసలు దొంగ పేజీ? దాన్ని వాళ్లు ముట్టుకోనే లేదు. చివరికి నేనే తీయించాను, పైసా ఖర్చు లేకుండా. ఫొటో తీసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ ఉంటుంది, మన దేశంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇన్‌స్టాగ్రామ్ హెల్ప్ సెంటర్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం అందరికీ ఉచితం. మన పోస్టు లింకు, వాళ్ల పోస్టు లింకు పక్కపక్కన ఇవ్వాలి. ఫోన్‌లో ఒరిజినల్ ఫొటోలు డిలీట్ చేయకండి, తేదీతో సహా అవే మీ సాక్ష్యం. డబ్బు పోగొట్టుకున్న కస్టమర్లను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమన్నాను. ఒక మాట, ఫొటోలు వేరేవాళ్లతో ఉచితంగా తీయించుకుంటే హక్కు తీసినవాళ్లదే. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు మీది.

లోగోకి ఈ సూత్రం వర్తిస్తుందని నమ్ముకోకండి. డిజైనర్‌కి డబ్బిచ్చినా సరే, హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు సంతకంతో కాగితం రాయించుకోండి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్క వేస్తుంది. మాకిచ్చిన లోగో అయితే కాన్వా అనే డిజైన్ యాప్‌లో ఎవరికైనా దొరికే టెంప్లేట్. దాన్ని ఎంతమందైనా వాడుకోవచ్చు కాబట్టి ట్రేడ్‌మార్క్‌గా పెట్టకూడదని కాన్వానే చెప్తుంది. వాళ్లు చేసిన రీల్స్‌కి సినిమా పాటలు పెట్టారు, రెండు మ్యూట్ అయ్యాయి. వ్యాపార ప్రచారానికి పాట వాడాలంటే లైసెన్సు కావాలి. ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ మెటా ఇచ్చే సౌండ్ కలెక్షన్‌లో ఉన్న సంగీతం వాడుకుంటే ఆ బెడద లేదు. బ్లూ టిక్ గురించి చెప్పడానికేమీ లేదు, అది మెటా వెరిఫైడ్ అని యాప్‌లోనే దొరికే నెలవారీ చందా. దానికి మధ్యవర్తి అక్కర్లేదు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

మంచి లాయర్లు, ట్రేడ్‌మార్క్ ఏజెంట్లు ఉన్నారు, వాళ్ల ఫీజు వాళ్లకు ఇవ్వాల్సిందే. కాకపోతే మన తరఫున రిజిస్ట్రీ ముందుకు వెళ్లగలిగేది లాయరు, లేదా రిజిస్ట్రీలో నమోదైన ట్రేడ్‌మార్క్ ఏజెంటు. ఫోన్ చేసే సేల్స్ వాళ్లు కాదు. కాబట్టి డబ్బు కట్టకముందే ఫైల్ చేసేది ఎవరు, వాళ్ల నమోదు నంబరు ఎంత అని అడగండి. జవాబు నాన్చితే వదిలేయండి. యజమానిగా మీ పేరే ఉండాలని, ఈమెయిల్, ఫోన్ నంబరు గడుల్లో మీవి కూడా ఉండాలని పట్టుబట్టండి. టీఎమ్-ఎ ఫారం సబ్మిట్ చేయకముందే డ్రాఫ్టు చూపించమనండి. పేరు పెట్టుకునే ముందు ఐపీ ఇండియా సైట్‌లో పబ్లిక్ సెర్చ్ మీరే చేసుకోవచ్చు, ఉచితం. ఊరి పేరు, సరుకు పేరు కలిపిన బ్రాండ్లకు మా లాంటి అభ్యంతరమే వస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సొంతంగా కల్పించిన మాట పెట్టుకోవడం మేలు. పూతరేకులు, పోచంపల్లి చీరలు అమ్మేవాళ్లకు ఇంకో సంగతి: ఆత్రేయపురం పూతరేకులు, పోచంపల్లి ఇక్కత్ జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉన్నవి. వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు.

అప్లికేషన్ రద్దయితే పేరు పోయినట్టు కాదు, వాడకం వల్ల వచ్చిన హక్కు అలాగే ఉంటుంది. మేం ఈసారి ఒక లాయరు ద్వారా 29, 30 క్లాసుల్లో, 2017 తేదీతో, అఫిడవిట్ పెట్టి మళ్లీ ఫైల్ చేశాం. అత్తయ్య మెయిల్ ఇచ్చాం. సంస్థ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం, డబ్బు ఇంకా రాలేదు.

మీరూ ఇలాంటి ప్యాకేజీ కొని ఉంటే ఈరోజే ఆ రసీదు తీసి, నంబరుతో స్టేటస్ చూడండి. ‘ఆబ్జెక్టెడ్’ (అభ్యంతరం వచ్చింది) అని ఉంటే అదే పేజీలో ఎగ్జామినేషన్ రిపోర్ట్ దొరుకుతుంది, దాని మీద తేదీ ఉంటుంది. నెల దాటకపోతే ముందు లాయరును పట్టుకుని సమాధానం పెట్టించండి, సంస్థతో గొడవ ఆ తర్వాత చూసుకోవచ్చు.