పయనీర్ డీవీఎల్-919: సైడ్ బి సాఫీగా తిరిగితేనే కొనండి

లేజర్ డిస్క్ (ఎల్‌డీ, డీవీడీకి ముందు వచ్చిన పెద్ద సినిమా డిస్కు) ప్లేయర్ కావాలంటే ఇప్పుడు పాత సరుకే దిక్కు. తయారీ ఆపేస్తున్నామని జపాన్ కంపెనీ పయనీర్ 2009 జనవరిలో ప్రకటించేనాటికి ఇంకా నాలుగు మోడళ్లు ఉత్పత్తిలో ఉన్నాయి. వాటిలో డీవీఎల్-919 ఒకటి. మొదటి డిస్కులు అట్లాంటాలో అమ్మకానికి వచ్చింది 1978 డిసెంబర్‌లో కాబట్టి, ఇది ముప్పై ఏళ్ల ఫార్మాట్‌కి ఆఖరి తరం యంత్రం. ఎల్‌డీ, డీవీడీ, సీడీ మూడూ ఆడుతుంది. ఎల్‌డీల కోసం కొంటే చాలా మంచి యంత్రం. డీవీడీల కోసమైతే దీని జోలికి వెళ్లకండి. డీవీడీలకు దీనికన్నా మెరుగైనవి బోలెడున్నాయి. పైగా ఈ శ్రేణిలో ఎల్‌డీలు చక్కగా చదువుతూ డీవీడీలు మాత్రం చదవని యంత్రాలు తరచూ ఎదురవుతాయి. అలాంటిది తక్కువలో వస్తే ఎల్‌డీ అభిమానులకు లాభమే.

919లో ఉన్న అసలు సుఖం రెండు వైపులా తనే ఆడడం. సీఎల్‌వీ (వేగం మారుతూ తిరిగే రకం) డిస్కులో వైపుకి గంట, సీఏవీ (ఒకే వేగంతో తిరిగే రకం) డిస్కులో అరగంట మాత్రమే పడుతుంది (అమెరికా, జపాన్‌ల టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ లెక్క). అంటే సినిమా చూస్తుంటే మధ్యలో డిస్కు తిప్పక తప్పదు. ఈ ప్లేయర్‌లో డిస్కు కదలదు. డిస్కును చదివే లేజర్ పికప్పే వంపు తిరిగిన పట్టాల మీదుగా కింది నుంచి పైకి ఎక్కుతుంది, డిస్కు వ్యతిరేక దిశలో తిరగడం మొదలుపెడుతుంది. కొద్ది సెకన్ల విరామం, తర్వాత సినిమా మళ్లీ మొదలు. మూత తీసి ఆ ప్రయాణాన్ని ఒక్కసారి చూస్తే దాన్ని రూపొందించినవాళ్ల మీద గౌరవం పుడుతుంది.

ముందుగా చెడేదీ ఆ భాగమే. పట్టాల మీద, పళ్లచక్రాల మీద వేసిన గ్రీజు ఏళ్లు గడిచేసరికి మైనంలా గట్టిపడుతుంది. అప్పుడు పికప్ సగం దారిలో ఆగిపోతుంది, లేదా కటకటమని చప్పుడు చేస్తూ ఎక్కుతుంది. కొనేముందు తప్పనిసరిగా చేయించాల్సిన పరీక్ష ఇదే: సైడ్ ఎ చివరికి వెళ్లి తనంతట తాను సైడ్ బికి మారనివ్వండి. బి ఆడుతుండగా మళ్లీ ఎకి రమ్మని రిమోట్‌తో చెప్పండి. రెండు దిశల్లోనూ సాఫీగా వెళ్లాలి. అమ్మేవాళ్లు సైడ్ ఎ బొమ్మ మాత్రమే చూపించి ఊరుకుంటే కొనకండి. సైడ్ మారని యంత్రమే కావాలనుకుంటే డిస్కును చేత్తో తిరగేసి రెండో వైపు చూడొచ్చు. ఆ లెక్కన అయితే ఒకవైపు మాత్రమే చదివే చిన్న మోడల్ తీసుకోవడమే నయం, చెడడానికి భాగాలు తక్కువ.

గ్రీజు మార్చడం కష్టమైన పని కాదు, ఓపిక పని. ప్లగ్ పీకి పైమూత తీయండి. పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలతో పూర్తిగా తుడవండి. పాతదాని మీదే కొత్తది పూస్తే రెండూ కలిసి జిగురవుతాయి. ప్లాస్టిక్‌ని తినని సింథటిక్ గ్రీజును పట్టాల మీద పల్చటి పొరలా రాస్తే చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టి, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. లెన్స్ మీద చుక్క పడకుండా చూసుకోండి.

ట్రే సగం బయటికొచ్చి ఆగడం, లోపల మోటార్ తిరుగుతున్న చప్పుడే తప్ప కదలిక లేకపోవడం కనిపిస్తే అది లోడింగ్ బెల్ట్ సమస్య. రబ్బరు సాగి జారిపోతుంటుంది. అదే మందం, అదే చుట్టుకొలత ఉన్న బెల్ట్ వేసి, పుల్లీలను ఆల్కహాల్‌తో తుడిస్తే తీరుతుంది. కాస్త బిగువుగా ఉంటే మంచిదని మరీ చిన్న బెల్ట్ వేయకండి, మోటార్ బేరింగ్ మీద భారం పడుతుంది.

బొమ్మ దగ్గరికొస్తే, 919 ఇచ్చేది శుభ్రమైన, కాస్త మెత్తటి బొమ్మ. అంచులు మరింత పదునుగా కావాలనుకునేవాళ్లు పయనీర్‌దే మరో ప్లేయర్ సీఎల్‌డీ-డీ704 వెతకడం మేలు. ఎల్‌డీలో వీడియో అనలాగ్, డిస్కు మీద ఉన్నదే కాంపోజిట్ (రంగు, వెలుగు కలిసిపోయిన) సిగ్నల్. ఎస్-వీడియో జాక్ వాడితే రంగును, వెలుగును విడదీసే పని ప్లేయర్‌లోని కోంబ్ ఫిల్టర్ చేస్తుంది. కాంపోజిట్ వాడితే ఆ పని టీవీ చేస్తుంది. ఎవరి ఫిల్టర్ బాగుంటే వారికే అప్పగించాలి. ఎస్-వీడియో ఎప్పుడూ మెరుగే అన్న వీహెచ్ఎస్ నాటి సూత్రం ఇక్కడ చెల్లదు. రెండూ పెట్టి, సన్నటి గీతల చొక్కా వేసుకున్న మనిషి ఉన్న దృశ్యం చూడండి. చొక్కా మీద ఇంద్రధనుస్సు రంగులు తక్కువ పాకే తీగనే ఉంచండి.

బొమ్మ మీద ఏటవాలు చారలు మెల్లగా కదులుతుంటే అది క్రాస్‌టాక్. పక్క ట్రాక్ సిగ్నల్ కూడా లేజర్‌కి తగులుతోందన్నమాట. డిస్కు వంగి ఉండొచ్చు, లేదా ప్లేయర్ టిల్ట్ (లేజర్ వాలు) సర్దుబాటు తప్పి ఉండొచ్చు. వేరే డిస్కు పెడితే తేలిపోతుంది. రంగురంగుల చుక్కలు చిమ్మినట్టు కనిపిస్తే లేజర్ రాట్ అనుమానించాలి. డిస్కు రెండు సగాలను అతికించిన జిగురు దెబ్బతిని, గాలీ తేమా చొరబడి, లోపలి అల్యూమినియం పొర పాడవడం వల్ల వచ్చే జబ్బు అది. ఒకే డిస్కులో చుక్కలుంటే డిస్కు పోయినట్టు, దానికి మందు లేదు. అన్ని డిస్కుల్లోనూ ఉంటే ముందు లెన్స్ తుడవండి.

డిస్కుల్ని మాత్రం ఆల్కహాల్‌తో తుడవకండి. ఎల్‌డీ పైపొర ఆక్రిలిక్, ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు తేలే ప్రమాదం ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నడిమి నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. దాచేటప్పుడు పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి వంగుతాయి, వంగితే మళ్లీ క్రాస్‌టాక్.

శబ్దం సంగతిలో చాలామంది తికమక పడేది ఏసీ-3 (డాల్బీ డిజిటల్ సరౌండ్ శబ్దం) ఆర్ఎఫ్ జాక్ దగ్గర. చూడ్డానికి మామూలు డిజిటల్ కోయాక్సియల్‌లాగే ఉంటుంది, కానీ అందులో వచ్చేది 2.88 మెగాహెర్ట్జ్ మీద ఎక్కించిన రేడియో సిగ్నల్. నేరుగా రిసీవర్‌కి కలిపితే ఏమీ వినపడదు, మధ్యలో దాన్ని మామూలు డిజిటల్ సిగ్నల్‌గా మార్చే డీమాడ్యులేటర్ ఉండాలి. అది లేకపోతే డాల్బీ డిజిటల్ డిస్కులో డిజిటల్ స్టీరియో ట్రాక్ వినండి. అనలాగ్ కుడి చానెల్‌ని ఏసీ-3 ఆక్రమించేస్తుంది కాబట్టి అటు వెళితే ఎడమ చానెల్ ఒక్కటే దక్కుతుంది. డీటీఎస్ (ఇంకో రకం సరౌండ్ శబ్దం) డిస్కులకు డీమాడ్యులేటర్ అక్కర్లేదు, సాధారణ డిజిటల్ తీగ చాలు. డీటీఎస్ తెలియని రిసీవర్‌కి పంపితే మాత్రం బుస్సుమని పెద్ద రొద వస్తుంది. మొదటిసారి వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టండి, లేకపోతే స్పీకర్లు దెబ్బతింటాయి.

ఇంత శ్రమ దేనికంటే, 30 సెంటీమీటర్ల అట్ట కవర్, దాని మీది బొమ్మ, లోపలి వ్యాసం ఇవన్నీ చేతిలో బరువుగా ఉంటాయి కనుక. సినిమా మీద వ్యాఖ్యానాన్ని వేరే ఆడియో ట్రాక్‌గా ఇచ్చే పద్ధతి కూడా 1984లో క్రైటీరియన్ అనే కంపెనీ ఎల్‌డీతోనే మొదలైంది. ఆ కాలపు వ్యాఖ్యానాల్లో కొన్ని డిస్కు దాటి బయటికి రాలేదు. వాటి కోసమైనా ఆడే యంత్రం ఒకటి ఇంట్లో ఉండాలనిపిస్తుంది.

కొనేటప్పుడు వెనక పలక చదవండి. అమెరికా మోడల్ 120 వోల్టులది, జపాన్‌ది 100. గోడ నుంచి 230 వోల్టులొచ్చే చోట సరిపడా వాటేజీ ఉన్న స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టకూడదు. పాల్ (యూరప్ టీవీ ప్రమాణం) డిస్కులు కూడా ఉన్నవాళ్లకు యూరప్ మోడల్ 919ఈ కావాలి. పార్సిల్‌లో తెప్పిస్తుంటే, లోపల డిస్కేదీ మిగలకుండా చూసి, రెండు పెట్టెల్లో ప్యాక్ చేయమని ముందే గట్టిగా చెప్పండి.